చేతుల వాటా

రత్నకుమారి వేళ్ళ కణుపులు మొట్టమొదటిసారి వాచినప్పుడు ఆ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు.

వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. పెళ్ళీడు పిల్ల పొద్దున్నే లేచి జడ అల్లుకోలేకపోతుంటే, చెంబు పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుంటే ఏ ఇంట్లోనైనా బెంగ పడతారు. వీళ్ళు మాత్రం పాస్టరుగారిని పిలిపించారు, కోడిని కోశారు, వాడకట్టు వాడకట్టంతటికీ అన్నం పెట్టారు. నాయనమ్మ సారమ్మ తన రెండు వంకర చేతులూ పైకెత్తి, "నా మనవరాలు బతికిపోయింది ప్రభువా" అంటూ ఆనందంతో ఏడ్చింది. రత్నకుమారి తమ్ముడు శామ్యూల్ అప్పటికి నిక్కర్ల పిల్లవాడు. అంత ఏడుపులోనూ వాడికి కోడి కాలు దొరికింది, అందుకని ఆ రోజు బాగా గుర్తుండిపోయింది.

ఆ సంతోషానికి ఒక కారణం ఉంది. వాళ్ళది ఆలేరు అవతలి పల్లెటూరు. నాచారం ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని సారమ్మ చిన్నకొడుకు శాంతయ్య తల్లినీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చేశాడు. భార్య అప్పటికే శామ్యూల్ పురిట్లో పోయింది. ఆ వంశంలో మగవాళ్ళు తల నెరిసేదాకా బతికింది తక్కువ. సారమ్మ అన్న నాట్లప్పుడు పొలం గట్టు మీద కూలిపోయాడు. పెద్దకొడుకు సొంత బిడ్డ పెళ్ళిపందిట్లో పోయాడు. ఇక శాంతయ్య, డ్యూటీకి సైకిల్ మీద పోతూ లాలాపేట దగ్గర ఎత్తు ఎక్కలేక దిగి, ఛాతీ పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆడవాళ్ళ సంగతి వేరు. సారమ్మకు కీళ్ళవాతం, ఆమె మేనత్తకూ కీళ్ళవాతమే. వేళ్ళు వంకర్లు పోయి, మణికట్లు బిగిసిపోయి, అయినా ఇద్దరూ మునిమనవల్ని ఎత్తుకునే వయసుదాకా బతికారు.

చావులన్నీ చూసిన సారమ్మ తనకు తానే ఒక లెక్క కట్టింది. ఈ ఇంటి రక్తంలో ఏదో ఉంది, అది ఒక్కొక్కరికి ఒక్క వాటాయే ఇస్తుంది. చేతుల్లో దిగితే గుండె జోలికి పోదు, చేతులను వదిలేస్తే గుండెను పట్టుకుంటుంది. అంతే. ఆ ముసలమ్మ మాటకు ఆ ఇంట్లో బైబిలు వాక్యం తర్వాత వాక్యమంత విలువ. కొడుకును పోగొట్టుకున్న ఏడాదిలోనే మనవరాలి వేళ్ళు వాస్తే ఆమె పండగ చేసుకోక ఏం చేస్తుంది?

పోతే, మిగిలింది శామ్యూల్. వాడి వేళ్ళు నిటారుగా, నున్నగా, గోళీలాటకు తప్ప ఎందుకూ నొప్పి పెట్టకుండా ఉండేవి. అదే అక్క దిగులు. క్రిస్మస్ పొద్దున కొత్త చొక్కా తొడిగి, వాడి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క కణుపూ నొక్కి చూసేది.

"నొస్తుందా?"

"నొస్తలేదక్కా."

రత్నకుమారి మొహం వాడిపోయేది. ఇంకో కణుపు నొక్కేది, ఇంకొంచెం గట్టిగా. ఒకసారి అక్కను సంతోషపెడదామని వాడు నొస్తుందని అబద్ధం చెప్పాడు. ఆమె ఎంత మురిసిపోయిందంటే, సాయంత్రానికి వాడే తట్టుకోలేక నిజం ఒప్పేసుకున్నాడు. ఆ ఏడు ఆ ఇంట్లో క్రిస్మస్ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఏళ్ళు గడిచాయి. సారమ్మ తన లెక్క ప్రకారమే నిండుగా బతికి, నిద్రలో పోయింది. శామ్యూల్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పైపుల కంపెనీ స్టోర్స్‌లో కుదిరాడు. ఎస్తేరును పెళ్ళి చేసుకున్నాడు, మరియా పుట్టింది. రత్నకుమారికి పెళ్ళి కాలేదు. వచ్చినవాళ్ళు చేతులు చూసి వెళ్ళిపోయేవారు. దానికి ఆమె కుంగిపోయిందనుకుంటే పొరపాటే. "నా చెయ్యి అడగనీకె వచ్చి నా చెయ్యి చూసి భయపడ్డరు" అని తనే అందరికీ చెప్పి నవ్వించేది. నోరు గట్టిది. ఇంట్లో ఆమె మాటే చెల్లేది, చర్చిలో కూడా సగం చెల్లేది.

చర్చిలో ఆమెది పిడికెడు బియ్యం పని. సంఘంలో ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ముందుగా ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తారు. వారానికోసారి రత్నకుమారి నాచారం, చిల్కానగర్ గల్లీలు తిరిగి ఆ బియ్యం పోగుచేసి తెచ్చేది. సంచి భుజానికి తగిలించుకునేది, వేళ్ళతో మోయలేదు కాబట్టి. ఎవరింట్లో పిడికిలి చిన్నదైపోయిందో ఆమెకు డబ్బా కదిపితే తెలిసిపోయేది. "ఏం వదినె, ఈ వారం మీ ఇంట్ల ఉపవాసమా?" అని గుమ్మంలోనే అడిగేసేది. చిత్రమేమిటంటే ఆమెకే పిడికిలి పడదు. వేళ్ళు అరచేతి మీదికి ముడుచుకోవు. బియ్యం కుండలో చెయ్యి పెట్టి, చాపిన అరచేతి మీద నిలిచినన్ని గింజలు నిలిపి, దారిలో సగం రాల్చుకుంటూ డబ్బాదాకా తెచ్చేది. రాలినవి ఏరి మళ్ళీ వేసేది. ఎస్తేరు గ్లాసు ఇవ్వబోతే కోపమొచ్చేది. దేవుడు పిడికెడు అన్నాడు గాని గ్లాసెడు అనలేదుగా అనేది.

ఇంట్లో మాత్రం ఆమె ధ్యాసంతా తమ్ముడి ఛాతీ మీదే. కూరలో నూనె ఆమె చెప్పినంతే. గుడ్డులో పచ్చసొన మరియాకు, తెల్లది శామ్యూల్‌కు. మామిడికాయ తొక్కు డబ్బా ఆమె మంచం కింద. తండ్రి పోయిన వయసుకు శామ్యూల్ దగ్గరపడుతున్నకొద్దీ ఈ కాపలా ఎక్కువైంది. వాడు మెట్లెక్కితే కింద నిలబడి ఆయాసం వింటుంది. నిజం చెప్పాలంటే శామ్యూల్‌కూ లోపల భయమే. రోజూ లాలాపేట దారి తప్పించి పోయేవాడు. అక్క చూసుకుంటోంది కదా అని కొంత ధైర్యం. మనకోసం ఇంకొకరు భయపడుతుంటే మన భయం సగమైనట్టుంటుంది. ఆ సుఖానికి అతను అలవాటుపడిపోయాడు.

సకల జనుల సమ్మెకు ముందు ఆ ఎండాకాలం నుంచీ రత్నకుమారికి కొత్త నొప్పులు మొదలయ్యాయి. ఎడమ భుజం, ఒక్కోసారి దవడ. బియ్యం సంచితో చిల్కానగర్ ఎత్తు ఎక్కుతుంటే మధ్యలో ఎవరి అరుగు మీదనో కూలబడేది. అడిగితే వాతం పైకి పాకిందనేది. నాయనమ్మకూ చివర్లో మెడ బిగుసుకుపోయిందట, ఇక వరుసలో దవడే కదా అనేది. రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టమనేది. ఆ పని శామ్యూల్‌దే, ఎందుకంటే మూట గట్టిగా అదిమిపెట్టే చెయ్యి ఇంట్లో వాడిదే.

ఏఎస్ రావు నగర్‌లో కీళ్ళవాతానికి ప్రత్యేకంగా చదివిన డాక్టరమ్మ ఒకామె కొత్తగా క్లినిక్ పెట్టింది, కీర్తన అని. కోస్తా వైపు అమ్మాయి, తొందరపడకుండా వింటుందని పేరు. శామ్యూల్ సెలవు పెట్టి అక్కను తీసుకువెళ్ళాడు. డాక్టరమ్మ వేళ్ళు చూసింది, మందులు చూసింది, ఆ తర్వాత ఇంట్లో ఎవరెవరు ఎలా పోయారని అడిగింది. శామ్యూల్ చెప్పాడు. నాయనమ్మ వాటా లెక్క కూడా చెప్పాడు, కొంచెం సిగ్గుపడుతూనే.

ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది.

"మీ ఇంట్లో ఇవి రెండు జబ్బులు కాకపోవచ్చండీ. ఒకే వేరుకు రెండు కొమ్మలనుకోండి. కీళ్ళను పాడుచేసే వాపే లోపల రక్తనాళాలనూ పాడుచేస్తుంది. కొన్ని జన్యువులు ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉంటున్నాయని ఇప్పుడిప్పుడే తేలుతోంది. చేతులకు వచ్చిందంటే గుండెను వదిలేసిందని కాదు. చేతులకు వచ్చినవాళ్ళే ముందు గుండె చూపించుకోవాలి."

మరి మా నాయనమ్మ అంతకాలం ఎట్లా బతికిందని శామ్యూల్ అడిగాడు. ఆ రక్తం ఉన్న అందరికీ రెండూ రావాలనేం లేదనీ, ఆవిడ అదృష్టం కొద్దీ తప్పించుకుందనీ, బతికిన ఇద్దరిని చూసి ఇంటిల్లిపాదీ ఒక సూత్రం రాసుకున్నారనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ భుజం నొప్పి, ఆ ఆయాసం తనకు నచ్చలేదంది. గుండె పరీక్షలు రాసి, ఆలస్యం చేయవద్దని రెండుసార్లు చెప్పింది.

ఇన్నేళ్ళూ చావుకు తను దగ్గరగా ఉన్నాడనీ, అక్క దూరంగా ఉందనీ శామ్యూల్ అనుకున్నాడు. ఇద్దరూ ఒకే గట్టు మీద ఉన్నారని, అందులో అక్కే అంచున ఉందని ఎవరో చెయ్యి పట్టుకుని చూపించినట్టయింది. బయటికి వచ్చాక అక్క మొహం చూశాడు. ఆమె చెప్పులు వేసుకోవడానికి అవస్థ పడుతోంది.

"చదువుకున్న పిల్ల, మంచిగనే చెప్పింది" అంది. "కని మన నాయినమ్మను సూడలే గదా."

ఆ పరీక్షల కోసం మర్నాడే అదే వీధిలోని డయాగ్నస్టిక్ సెంటరుకు వెళ్ళారు. పడుకోబెట్టి తీసే ఈసీజీ మామూలుగానే వచ్చింది. రత్నకుమారి చూశావా అన్నట్టు తమ్ముడివైపు చూసింది. తర్వాత నడిచే మిషను. దాని మీద నిలబడి, ముందున్న కడ్డీ పట్టుకుని, పట్టా తిరుగుతుంటే వేగంగా నడవాలి. ఆమె ఎక్కింది. కడ్డీ మీద చేతులు ఆనించింది గాని వేళ్ళు చుట్టుకోలేదు. పట్టా కదలగానే చీలమండలు సహకరించక పక్కకు తూలింది. అక్కడి అమ్మాయి గబుక్కున ఆపేసి పట్టుకుంది. ఈమెకు ఇది కుదరదనీ, నడిపించకుండా ఇంజెక్షన్ ఇచ్చి గుండెను పరీక్షించే పద్ధతి ఉందనీ, అది పెద్దాసుపత్రిలోనే చేస్తారనీ చెప్పింది.

శామ్యూల్ ఆ కాగితం తీసుకుంటున్నాడు. రత్నకుమారి మిషను మీదినుంచి దిగలేదు.

"వచ్చినం గదా తమ్మీ. ఖాళీగనే ఉన్నది గదా. నువ్వు ఎక్కరాదూ?"

నాది కాదక్కా, నీది అన్నాడు. ఆమె వినలేదు. తండ్రి పోయిన వయసు నీకు వచ్చేసింది, నా కళ్ళముందు ఒక్కసారి చూసుకుంటే నాకు నిమ్మళం, ఆ తర్వాత నువ్వు ఏ ఆసుపత్రికి రమ్మంటే ఆ ఆసుపత్రికి వస్తానంది. ఒట్టు పెట్టింది. శామ్యూల్ ఎక్కాడు. అక్కకోసం ఎక్కానని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. అది పూర్తిగా నిజం కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలని అతనికే ఉంది.

కడ్డీని గట్టిగా పట్టుకుని నడిచాడు, చివర్లో దాదాపు పరుగెత్తాడు. చెమట కారింది గాని నొప్పి రాలేదు. గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయన్నారు. రత్నకుమారి పక్కనున్న కుర్చీలో కూర్చుని, వంగని వేళ్ళతో మొహం కప్పుకుని ఏడ్చింది. శామ్యూల్ ఆమెనట్లా ఎప్పుడూ చూడలేదు, తండ్రి పోయినప్పుడు కూడా. ఇంటికి వచ్చేదారిలో తనే కొట్టు ముందు ఆగి తమ్ముడికి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి.

తర్వాత సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు మూసుకున్నాయి, ఉప్పల్ రింగు రోడ్డు మీద రోజూ వంటావార్పూ ధూంధాములూ. పెద్దాసుపత్రి ఊరికి అటు చివర. ఆటోలో పోదామంటే ఆ కుదుపులకు ఉన్న కీళ్ళు ఊడిపోతాయంది. పైగా కోత పండుగ దగ్గరకొచ్చింది, సంఘం బియ్యమంతా పోగుచేసి దేవుని సన్నిధిలో పెట్టే పండుగ, ఆమె లేకుండా అది జరగదని ఆమె నమ్మకం. అంతకన్నా ముఖ్యంగా తమ్ముడి గుండె బాగుందని తేలినందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతానంది. తర్వాతే ఆసుపత్రి.

ఎస్తేరుకు ఇది నచ్చలేదు. ముందు వదినెను చూపించి తర్వాత కూడిక పెట్టుకోవచ్చు కదా అని భర్తతో అంది. శామ్యూల్‌కూ ఆ మాట సబబుగానే తోచింది. కీర్తన డాక్టరమ్మ రెండుసార్లు చెప్పిన మాట గుర్తుంది. అయితే ఒంట్లో కొత్తగా వచ్చిన తేలికదనం ఒకటి ఉంది. మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు, లాలాపేట మీదుగానే డ్యూటీకి పోతున్నాడు. తనకు ఏమీ లేదంటే ఇంట్లోనే ఏమీ లేదన్నట్టు అనిపించిందతనికి.

"పోదాంలే, బస్సులు మొదలైనంక" అన్నాడు.

కూడిక ఆదివారం పెట్టుకున్నారు, చర్చి అయ్యాక. కుర్చీలు, షామియానా పొద్దున్నే దింపమని చెప్పారు. ఆ పొద్దున రత్నకుమారి అందరికన్నా ముందు లేచింది. శామ్యూల్ లేచేసరికి వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహాన చెమటలు. భుజం బాగా పీకుతోందనీ, ఉప్పు మూట పెట్టమనీ అడిగింది. అతను పెనం మీద ఉప్పు వేయించాడు, మూట కట్టాడు, ఎడమ భుజం మీద అదిమిపెట్టాడు. ఇంకొంచెం కిందికి అంది. పెట్టాడు. ఇంకొంచెం ముందుకు అంది. మూట భుజం మీదినుంచి ఛాతీ వైపు జరుగుతోందని అతనికి తెలియకపోలేదు. చెయ్యి ఆగింది.

"అక్కా, ఆసుపత్రికి పోదాం. నేను ఆటో తెస్త."

"ఈ పూట గాదు. నీ కూడిక కానియ్యి." ఆమె అతని మొహంలోకి చూసి నవ్వే ప్రయత్నం చేసింది. "నాకేమైతది తమ్మీ? నా వాటా నాకు ఎప్పుడో అందింది."

బయట కుర్చీల బండి వచ్చింది. పోయి లెక్క చూసుకొమ్మని పంపింది. శామ్యూల్ బండివాడికి వేరేవాళ్ళు దింపుకుంటారని చెప్పి, ఆటో కోసం గల్లీ చివరికి పరుగెత్తాడు. ఆటో దొరికింది. దానితో తిరిగొచ్చేసరికి ఎస్తేరు కేక వినిపించింది.

రత్నకుమారి బియ్యం కుండ పక్కన ఒరిగి ఉంది. కూడిక వంటకు బియ్యం తీయబోతూ ముందుగా దేవుని పిడికెడు తీసినట్టుంది. చాపిన అరచేయి నేల మీద వెల్లకిలా ఉంది. అందులో కాసిని గింజలు ఇంకా నిలిచే ఉన్నాయి.

ఆటోలో నాచారం ఆసుపత్రిదాకా తీసుకుపోయారు. లాభం లేకపోయింది.

అతని కృతజ్ఞత కూడికకు వేసిన షామియానా కిందే ఆమెను పడుకోబెట్టారు. ఆ కుర్చీల్లోనే జనం కూర్చున్నారు. గల్లీ గల్లీ నుంచి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ డబ్బాల్ని ఎత్తి చూసి వెక్కిరించిన మనిషి కోసం గుండెలు బాదుకుని ఏడ్చారు. ఊరి నుంచి చిన్నాయన బుచ్చిరాములు వచ్చాడు, శాంతయ్యకు వరసకు తమ్ముడు, ఆ తరంలో మిగిలిన ఒక్కడు. ఆయన ఆమె చేతులు పట్టుకుని, వేళ్ళు తడిమి తడిమి చూశాడు. చేతులకు వచ్చిన పిల్ల గుండెతో ఎట్లా పోతుందని పాస్టరుగారిని అడిగాడు, శామ్యూల్‌ని అడిగాడు. ఏదో పొరపాటు జరిగింది, ఇంకేదో అయ్యుంటుంది అన్నాడు. శామ్యూల్‌కు ఆ మిషను మీద తను పట్టుకున్న కడ్డీ గుర్తొస్తోంది. ఆ వేళ్ళు చుట్టుకోలేని కడ్డీ. శవపెట్టెలో చేతులు రెండూ ఛాతీ మీద చేర్చి ఉంచాలని చూశారు, ఆ వేళ్ళు ఒకదానిలో ఒకటి ఇమడలేదు. ఆఖరికి పక్కన చాపే ఉంచారు.

ఆ తర్వాత పిడికెడు బియ్యం మరియా వేసేది. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టింది. ఇంటరు చదువుతోంది, అత్తలాగే నోరు గట్టిది. పొద్దున తల్లి బియ్యం కొలిచేముందు కుండలో చెయ్యి ముంచి, పిడికిలి బిగించి, ఒక్క గింజ రాలకుండా డబ్బాలో వేసేది. శామ్యూల్ షూ వేసుకుంటూ అది చూసేవాడు. ఆ బిగిసిన పిడికిలిని చూస్తే అతనికి ధైర్యంగానూ ఉండేది, దుఃఖంగానూ ఉండేది.

రాష్ట్రం వచ్చిన నెల. ఉప్పల్‌లో పటాకుల చప్పుడు ఇంకా అప్పుడొకటీ అప్పుడొకటీ వినిపిస్తూనే ఉంది, మెట్రో స్తంభాలకు గులాబీ తోరణాలు వేలాడుతున్నాయి. ఆ సంబరం చూడడానికి ఊరి నుంచి వచ్చిన బుచ్చిరాములు చిన్నాయన ఇంట్లోనే ఉన్నాడు. ఆ పొద్దున శామ్యూల్ షూ వేసుకుంటూ తలెత్తేసరికి వంటింటి నేల మీద బియ్యం గింజలు కనిపించాయి. కుండ నుంచి డబ్బాదాకా చారికలా రాలి ఉన్నాయి. మరియా వంగి ఏరుతోంది. ఏరడం కూడా రావడం లేదు, వేళ్ళు గింజను పట్టుకోలేకపోతున్నాయి.

శామ్యూల్ ఒక షూతోనే లేచి వెళ్ళాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. పొద్దున పూటే అట్లా బిగుసుకుంటున్నాయనీ, ఎండ ఎక్కేసరికి సర్దుకుంటున్నాయనీ, పరీక్షలకు ఎక్కువ రాసినందుకేమో అనుకుందనీ చెప్పింది. కణుపులు ఎర్రగా ఉన్నాయి. ఎస్తేరు గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

వెనకనుంచి బుచ్చిరాములు తొంగి చూశాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది. శామ్యూల్ తన చిన్నప్పటి ఆ కూడికనాడు నాయనమ్మ మొహంలో చూసిన వెలుగే అది.

"చేతులకు వచ్చిందిరా నీ బిడ్డకు. బతికిపోయింది. పాస్టరయ్యగారిని పిలువు, కూడిక పెడదాం."

శామ్యూల్‌కు ఆయన మీద కోపం రాలేదు. ఆ ముసలాయనది ప్రేమే. నాయనమ్మదీ ప్రేమే, అక్కదీ ప్రేమే. ఆ ప్రేమతోనే ఇంటిల్లిపాదీ తప్పు మనిషికి కాపలా కాశారు. కూడిక లేదు చిన్నాయనా, డాక్టరు దగ్గరికి పోతున్నామని మాత్రం చెప్పాడు. కీర్తన డాక్టరమ్మకు చేతులు చూపించాలి. చేతులతోపాటు గుండె కూడా చూపించాలి, ఈ రోజే, ఏ బస్సు ఉన్నా లేకున్నా. ఫోన్ చేసి సెలవు చెప్పమని ఎస్తేరుతో అన్నాడు.

మరియా ఇంకా నేల మీదే కూర్చుని ఉంది. శామ్యూల్ ఆమె ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒక్కొక్క క్రిస్మస్‌కూ అక్క తన చేతులు ఇట్లాగే పట్టుకునేది. నొస్తుందని అంటే చాలు, దేవుణ్ణి స్తుతిద్దామని ఎదురుచూసేది. అతను చూపుడువేలి కణుపు మీద బొటనవేలు ఆనించాడు. నొక్కడానికి చెయ్యి రాలేదు. నొస్తలేదని చెప్పు తల్లీ, ఒక్కసారి నొస్తలేదని చెప్పు అని లోపల్లోపల అనుకుంటూ మెల్లగా నొక్కాడు.

"నొస్తుందా?"

"నొస్తుంది డాడీ" అంది మరియా.